ఎనిమిదితో పంచితే

గురువారం మధ్యాహ్నం బడి నుంచి వచ్చిన తామో, చేతులైనా కడుక్కోకుండా లల్లా బతూల్ ఇంటి లోగిలిలో శనగలు ఏరడానికి కూర్చుంది. పొద్దున ఏడో తరగతి పిల్లలకి ఏ లెక్కలు చెప్పిందో ఆమెకి గుర్తులేదు. బోర్డు మీద సుద్దముక్క నడిచింది, పిల్లలు రాసుకున్నారు, గంట కొట్టారు. ఇప్పుడు ముందున్న పళ్ళెంలో తెల్ల శనగలు ఉన్నాయి. పుచ్చువి, పగిలినవి ఎడమకి, నిండు గింజలు కుడికి. చూపుడువేలు దాని పని అది చేసుకుపోతోంది.

పడవ మంగళవారం సాయంత్రం నదీముఖం దాటి సముద్రంలోకి వెళ్ళింది. బుధవారం తెల్లారేసరికి కవళ్ళ చేపల బుట్టలతో తిరిగి రావాలి. రాలేదు. రేడియోలో పిలిస్తే పలకడం లేదు. ఆ పడవలో తామో తమ్ముడు అబ్సలాం ఉన్నాడు. లల్లా బతూల్ కొడుకు లార్బీ ఉన్నాడు. రహీమో మొగుడూ మరిదీ ఇద్దరూ ఉన్నారు. వీళ్ళుండే ఈ వలల సందులో ఆ పడవకి మనిషిని పంపని గడప వెతికినా దొరకదు. అందుకే ఈ రెండు రోజుల్లో సందులో ఎవరూ ఎవరినీ ఓదార్చలేదు. ఓదార్చడానికైనా కష్టం లేని మనిషి ఒకరు ఉండాలి కదా.

ఏ ఇంటికి ఆపద వచ్చినా ఈ సందు ఆడవాళ్ళు లతీఫ్‌కి కూర్చుంటారు. ‘యా లతీఫ్’ అని, కనికరం గలవాడా అని పిలవడమే. పిలుపు చిన్నదే, సంఖ్యే పెద్దది. అరబ్బీలో ఒక్కొక్క అక్షరానికి ఒక్కొక్క అంకె; ఆ పేరులో అక్షరాల విలువలు కూడితే నూట ఇరవై తొమ్మిది. దాన్ని దానితోనే హెచ్చిస్తే పదహారు వేల ఆరువందల నలభై ఒకటి. అన్నిసార్లూ పిలవాలి. ఒకటి తగ్గినా, ఒకటి పెరిగినా పైవాడికి చేరదంటారు. కూర్చునేది తొమ్మిదిమంది. ఒక్కొక్కరి చేతిలో నలభై మూడు పూసల దండ, ముందు ఒక సాసర్లో నలభై మూడు శనగలు. దండ ఒక చుట్టు తిరిగినప్పుడల్లా ఒక శనగ తీసి మధ్యలో ఉన్న పెద్ద పళ్ళెంలో వేయాలి. తొమ్మిది సాసర్లూ ఖాళీ అయితే లెక్క పూర్తయినట్టు. ఆ శనగలే మర్నాడు నానబెట్టి, వండి సందంతా పంచుతారు.

దీనికి కట్టుబాట్లు కూడా ఉన్నాయి. లెక్క నడుస్తున్నంతసేపు బయటి కబురు లోపలికి రాకూడదు. ఫోన్లు కట్టేసి గడప దగ్గర బుట్టలో పడేస్తారు. అందరి వంతూ సమానంగా ఉండాలి. ఒకామె ఒక్క పిలుపు ఎక్కువ పిలిచినా మొక్కు ఫలమంతా ఆ ఇంటికే పోతుందని భయం. మామూలు రోజుల్లో ఈ భయాన్ని అందరూ వేళాకోళం చేస్తారు. అందరి మగవాళ్ళూ ఒకే పడవలో ఉన్నప్పుడు ఎవరికీ నవ్వు రాలేదు.

తలుపు తోసుకుని యమ్నా వచ్చింది. పడవ నడిపే సరంగు బూసెల్హామ్ భార్య. పూసల దండ మణికట్టుకి చుట్టుకుని, ఎప్పుడూ విప్పే చోటే చెప్పులు విప్పబోయింది. ఆమె చోటు నిమ్మచెట్టు కుండీ పక్కన. ప్రతిసారీ అందరికంటే ఆఖరున ముగించేది ఆమే. ఒక్కొక్క పిలుపూ ఎదుటివాడు వింటున్నాడా అని చూసుకుని పిలిచినట్టు పిలుస్తుంది. తన వంతు అందరికంటే ముందు ముగించే లల్లా బతూల్ ‘కానీ తల్లీ, కానీ, తెల్లారిపోతుంది’ అని ప్రతిసారీ ఆమెని పొడుస్తూనే ఉంటుంది.

“ఎక్కడికమ్మా?” అంది లల్లా బతూల్.

“అదేం మాట బతూలత్తా? లతీఫ్‌కి.”

“మీ ఆయన ముంచిన పడవకి నువ్వు లతీఫ్ చదువుతావా?”

యమ్నా ఒక చెప్పు కాలికుండగానే ఆగిపోయింది.

“ఆ రోజు రేవులో పడవలన్నీ కట్టేసే ఉన్నాయి,” అంది బతూల్. గొంతు పెంచలేదు. ధర అడిగినట్టు అడుగుతోంది. “నదీముఖం దగ్గర అల ఇంటెత్తున లేస్తోందని ప్రతి సరంగూ కాళ్ళు ముడుచుకుని ఇంట్లో కూర్చున్నాడు. మీ ఆయన ఒక్కడికే వచ్చిందా ఆత్రం? మా పిల్లలే దొరికారా?”

“అత్తా, ఆ పడవలో మా ఆయన కూడా ఉన్నాడు.”

“సరంగు కదా. ఉండాలి మరి.”

యమ్నా లోగిలంతా చూసింది. ఏడుగురు ఆడవాళ్ళు నేల చూస్తున్నారు. ఆమె చూపు తామో మీద ఆగింది. తామో దగ్గర ఒక మాట ఉంది. మంగళవారం అబ్సలాం ఇంట్లోంచి వెళ్ళబోతూ ‘అక్కా, నేనూ లార్బీ సరంగుని ఒప్పించడానికి వెళ్తున్నాం, ఇవాళ ఎవరూ వెళ్ళట్లేదు, చేపంతా మనదే’ అని చెప్పాడు. ఆ మాట గొంతులోనే ఉంది. వేలు ఒక పుచ్చు గింజని ఎడమకి తోసింది. ఇంకొకటి తోసింది. యమ్నా విప్పిన చెప్పు మళ్ళీ తొడుక్కుంది. మడమ సరిగ్గా పడకపోయినా సర్దుకోకుండా అలాగే ఈడ్చుకుంటూ వెళ్ళిపోయింది.

“పంతులమ్మా,” అంది బతూల్, “ఎనిమిదికి పంచు.”

యమ్నా వంతు నలభై మూడు నలభై మూళ్ళు, అంటే పద్దెనిమిది వందల నలభై తొమ్మిది. దాన్ని ఎనిమిదిమందికి పంచితే తలా రెండువందల ముప్పై ఒకటి. తామో నోటితోనే లెక్క కట్టి, ఆగి, మళ్ళీ కట్టింది.

“ఒకటి మిగులుతోంది అత్తా.”

“ఒకటే కదా. నేను చదువుతాలే.”

రహీమో చేతిలో టీ గ్లాసు కింద పెట్టింది. “నువ్వెందుకు చదవాలి?”

“ఇల్లు నాది కనక.”

“ఇల్లు నీదే, కాదన్నదెవరు? పోయిన మొగుడు నావాడు. ఆ ఒక్కటీ నువ్వు చదివేస్తే మీ లార్బీ ఈదుకుంటూ ఒడ్డుకొస్తాడు, మావాళ్ళు చేపలకి మేతవుతారు. అంతేగా?”

“పోయిన మొగుడంటావేంటే, నీ నోరు పడిపోను! ఇంకా ఎవరు పోయారని?”

రహీమో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఆ ఒక్కటి వదిలేద్దామని ఎవరో అన్నారు. వదిలేస్తే అది లతీఫ్ కాదని ఇంకెవరో అన్నారు. యమ్నా బదులు ఇంకొకర్ని పిలిస్తే గొడవే ఉండదని రహీమో తన పిన్నిని కుమ్మరి వీధి నుంచి పిలుచుకొచ్చింది. పిన్ని బిస్మిల్లా అంటూ లోపలికి వచ్చి, నిమ్మకుండీ పక్కన కూర్చోబోతూ ఆగి, “యమ్నా పోయిందా?” అని అడిగింది.

“లేదు పిన్నీ, ఇంట్లోనే ఉంది.”

“మరి ఆమె చోట్లో నన్ను కూర్చోమంటారేంటి? బతికున్నదాని చోట్లో కూర్చుంటే దాని చావు కోరినట్టే. మా అత్త పోయాకే కదా నేను మా వీధిలో దండ పట్టుకుంది. వద్దమ్మా, నాకు కూడా పిల్లలున్నారు,” అని వచ్చిన కాళ్ళతోనే వెనక్కి వెళ్ళింది. ఆ మాట సందులో పాకాక తొమ్మిదో మనిషిగా రావడానికి ఎవరూ ఒప్పుకోలేదు.

మొత్తం లెక్కకి ముగ్గురే కూర్చుంటే సరిగ్గా సరిపోతుందని తామో చెప్పింది. ఏ ముగ్గురని రహీమో అడిగింది.

“తొమ్మిదో చోటు గోలే వద్దు,” అంది లల్లా బతూల్. “ఇంకో ఇద్దర్ని తెచ్చి పదిమందిని చేద్దాం. అది కొత్త వరస, ఎవరి చోటూ కాదు. మొత్తం లెక్కంతా పదికి పంచు.”

తామో పంచింది. “ఒకటి మిగులుతోంది.”

“పదమూడుకి?”

“ఒకటి.”

“పదహారుకి? వంటింట్లో కూడా కూర్చోబెడదాం.”

“ఒకటి అత్తా.”

“ఐదుగురికి?”

“ఒకటే.”

బతూల్ ఆమె వైపు అనుమానంగా చూసింది. “నువ్వు కావాలని చేస్తున్నావా?”

తామోకి కోపం రాలేదు. రావలసిన చోట ఏమీ రాలేదు. ఆమె పళ్ళెం ఖాళీ చేసి తొమ్మిది గింజలు తీసుకుని మూడు వరసలుగా, వరసకి మూడేసి పేర్చింది. “చూడు. ఇది చదరం. ఈ కుడి పక్క నిలువు వరస తీసేస్తున్నా. మూడు గింజలు చేతికొచ్చాయి. పళ్ళెంలో వరసకి రెండేసి మిగిలాయి. చేతిలో ఉన్నవాటిని కింద ఇంకో వరసగా పెడుతున్నా. రెండు పట్టాయి. నా చేతిలో ఒకటి ఉంది.”

“చిన్నది కాబట్టి మిగిలింది.”

తామో ఐదు వరసలు పేర్చి చూపింది. ఏడు పేర్చి చూపింది. నిలువు వరస తీసి అడ్డంగా పెట్టినప్పుడల్లా చేతిలో ఒక గింజ ఉండిపోయింది. “ఎంత పెద్ద చదరమైనా ఇంతే. మనది వరసకి నూట ఇరవై తొమ్మిది, నూట ఇరవై తొమ్మిది వరసలు. ఒకటి తీసి అడ్డం పెడితే నూట ముప్పై వరసలవుతాయి, వరసకి నూట ఇరవై ఎనిమిది. పదికైనా పదమూడుకైనా నూట ముప్పై వరసలు పంచుకోవచ్చు. ఎనిమిదికైనా పదహారుకైనా నూట ఇరవై ఎనిమిది పంచుకోవచ్చు. ఈ చేతిలోది మాత్రం ఎవరి వాటాలోకీ రాదు.”

రహీమో చాలాసేపు ఆ గింజ వైపు చూసింది. “ఎవత్తె కనిపెట్టిందో గానీ, పాపిష్టి సంఖ్య,” అంది.

ఆ సాయంత్రం లతీఫ్ మొదలవలేదు. ఒక్క శనగ దగ్గర ఆగిపోయింది.

శుక్రవారం తామో బడికి వెళ్ళలేదు. పొద్దున రేవుకి వెళ్ళి మిగతా ఆడవాళ్ళతో పాటు గోడ మీద కూర్చుంది. వెతకడానికి వెళ్ళిన పడవలు రెండు తిరిగి వచ్చాయి. ఒక నారింజ రంగు చేపల బుట్ట దొరికిందట. అది ఏ పడవదైనా కావచ్చు, ఈ తీరంలో బుట్టలన్నీ ఆ రంగువే. రేవు కాపలాదారు సీ అయ్యాద్ బుట్టని తిప్పి తిప్పి చూసి, గుర్తులేమీ లేవని చెప్పి, ఎవరి మొహమూ చూడకుండా తన గదిలోకి వెళ్ళిపోయాడు. తామో ఇంటికి వచ్చి పిండి కలిపింది. ఇంట్లో తింటున్నది తనొక్కతే. అలవాటు కొద్దీ ఇద్దరికి కలిపింది.

సందంతా రొట్టెలు కాల్పించుకునే బట్టీ దగ్గర చెక్క పలకలన్నీ పక్కపక్కనే వరసలో ఉన్నాయి, ఒక్కొక్క దాని మీద ఒక్కొక్క ఇంటి గుడ్డ కప్పి. యమ్నా పలక ఒకటే ఆ చివర నేల మీద ఉంది. రెండు రోజుల కిందటిదాకా ఆ పలక మీద పిండి ఎక్కువైతే పక్క పలక మీదికి తోసుకునేవాళ్ళు. తామో తన పలకని ఎక్కడ పెట్టాలో తెలియక చేతుల్లోనే పట్టుకుని నిలబడి, చివరికి తీసుకెళ్ళి యమ్నా పలక పక్కన పెట్టింది.

“చూస్తారు,” అంది యమ్నా.

“చూడనీ వదినా.”

ఇద్దరూ బట్టీ నోరు చూస్తూ నిలబడ్డారు. యమ్నా గొంతు బొంగురుపోయి ఉంది.

“నా వంతు నేను చదివేశానులే,” అంది యమ్నా. “నిన్న ఇంటికెళ్ళి కూర్చున్నా. నలభై మూడు నలభై మూళ్ళు. మీ ఎనిమిది వంతులూ నాదీ కలిస్తే లెక్క నిండే ఉంటుంది. గోడకి ఇవతల చదివినా అల్లాకి వినబడదా?”

“మేం మొదలే పెట్టలేదు వదినా.”

“అదేంటి?”

“నీ వంతు మాలో మేం పంచుకున్నాం. పంచితే ఒకటి మిగిలింది. ఆ ఒకటి ఎవరు చదవాలో తేలలేదు.”

యమ్నా తల తిప్పి ఆమెని చూసింది. “నా వంతు పంచుకున్నారా? చచ్చినవాళ్ళ గిన్నెలూ దుప్పట్లూ పంచుకున్నట్టా?”

“అవును.”

“మిగిలిందా? మంచిదే అయింది.” ఆమె నవ్వబోయి దగ్గింది. తర్వాత చాలా మెల్లగా, బట్టీవాడికి వినబడకుండా, “మంగళవారం మీ అబ్సలాం మా ఇంట్లో టీ తాగాడు. లార్బీ కూడా. గంటసేపు కూర్చున్నారు. మా ఆయన తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. వీళ్ళు వదల్లేదు. చివరికి లార్బీ ‘వయసైపోయింది సరంగుకి’ అని నవ్వాడు. అప్పుడు లేచాడు ఆయన,” అంది. “నేను ఎవరితోనూ అనలేదు. పిల్లలు నీళ్ళ మీద ఉండగా వాళ్ళ మీద మాట ఎలా వేస్తాను?”

“నాకు తెలుసు వదినా.”

“ఏం తెలుసు?”

“ఒప్పించడానికి వెళ్తున్నాం అని నాకు చెప్పే వెళ్ళాడు.”

బట్టీవాడు యమ్నా రొట్టెలు తీసి పలక మీద వేశాడు. వాటి మీద గుడ్డ కప్పుతూ, “తెలిసే నిన్న శనగలు ఏరుతూ కూర్చున్నావన్నమాట,” అంది యమ్నా. తిట్టినట్టు అనలేదు. పలక నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయింది. తామోకి తన రొట్టెలు మాడుతున్న వాసన తెలుస్తూనే ఉంది. బట్టీవాడు కేకేస్తే గానీ చెయ్యి చాపలేదు.

శనివారం పొద్దున ఎనిమిదిమందీ మళ్ళీ లోగిలిలో చేరారు. కొత్త ఉపాయం ఏదీ లేదు. సాసర్లు వరసగా ఉన్నాయి, గింజలు కడిగి ఆరబెట్టి ఉన్నాయి. రహీమో కళ్ళు వాచిపోయాయి. మిగిలినదానికి చీట్లు వేద్దామని ఆమె అంటే, చీటీ ఎవరి పేరున వస్తే వాళ్ళ మనిషే వస్తాడని అందరూ అనుకుంటారు, మిగతావాళ్ళు ఏమవ్వాలి అని ఇంకొకామె ఏడ్చింది.

“నేనొక మాట చెప్పాలి,” అంది తామో. గోడతో మాట్లాడుతున్నట్టు చెప్పింది. “పడవ తీయమని సరంగుని మా తమ్ముడే అడిగాడు. తన అంతట తాను వెళ్ళలేదు ఆయన. అబ్సలాం ఇంటికెళ్ళి గంటసేపు కూర్చుని బతిమాలాడు. వాడితో పాటు...” లల్లా బతూల్ మొహం చూసి ఆగింది.

“చెప్పు. వాడితో పాటు మా లార్బీ,” అంది బతూల్.



“నాకు తెలీదనుకున్నావా? ఆ రోజు వాడికి వానకోటు నేనే అందించా. సరంగు ఒప్పుకుంటాడట్రా అన్నా. ఒప్పిస్తాంలే అమ్మా అన్నాడు. నవ్వాడు కూడా.” ఆమె వేళ్ళు సాసరు అంచు పట్టుకుని తిప్పుతున్నాయి. “మరి ఎవరి మీద పెట్టుకోను నేను కోపం? నా కొడుకు మీదా? వాడెక్కడున్నాడో తెలీకుండా వాడి మీదే పెట్టుకోనా?”

రహీమో తల వంచుకుని, “మా ఆయన కూడా వెళ్దామనే అన్నాడు అత్తా,” అంది. “వెళ్ళకపోతే పిరికివాళ్ళంటారని.”

తర్వాత ఇంకొకామె కూడా అలాంటిదే ఏదో గొణిగింది. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు ఆ పూట అందరి కొంగుల్లోంచీ తలా కాస్తా బయటపడింది. అన్నీ విన్నాక లల్లా బతూల్ మోకాళ్ళ మీద చేతులానించి లేచింది. పళ్ళెంలోంచి ఒక శనగ తీసి గుప్పిట్లో పెట్టుకుని బయటికి నడిచింది. తామో వెనకే వెళ్ళింది.

యమ్నా ఇల్లు సందుకి అవతలి పక్క. తలుపు తీసే ఉంది. ఆమె గోడకి ఆనుకుని కూర్చుని ఏమీ చేయడం లేదు.

“యమ్నా, ఒకటి మిగిలింది,” అంది బతూల్ గడప బయట నిలబడి.

“తెలుసు.”

“వచ్చి చదువు.”

“ఒక్కదాని కోసం రాను అత్తా.” ఆమె లేవలేదు. “మీరు నావి పంచుకోగా మిగిలిన మెతుకు కోసమా వచ్చేది? వస్తే నా వంతంతా చదువుతా. నలభై మూడు నలభై మూళ్ళు. నా చోట్లో కూర్చుని.”

“నీ చోటు ఖాళీగానే ఉంది. ఎవత్తె కూర్చుంటుంది?”

తప్పయిందని బతూల్ అనలేదు. ఆ మాట ఆవిడ నోట్లో ఎన్నడూ పుట్టి ఎరగదు. నడుం పట్టుకుని వంగింది. గడప లోపల గోడవైపు తిరిగి ఉన్న యమ్నా చెప్పులు రెండూ తీసి, తిప్పి, వీధివైపు మొహం పెట్టి పక్కపక్కన ఉంచింది. యమ్నా ఆ చెప్పుల వైపు చూసింది. తర్వాత గోడకి తగిలించిన దండ తీసుకుంది.

లోగిలిలో ఎనిమిది సాసర్ల పక్కన తొమ్మిదోది పెట్టారు. బతూల్ గుప్పిట్లోని శనగని అందులోనే వేసింది, మిగతా నలభై రెండూ తామో లెక్కపెట్టి పోసింది. ఫోన్లు బుట్టలోకి వెళ్ళాయి. తలుపు దగ్గరగా వేశారు. మధ్యాహ్నం నమాజు అయ్యాక మొదలుపెట్టారు.

మొదట గొంతులు తలో దారినా పోయాయి, కాసేపటికి ఒకటయ్యాయి. యా లతీఫ్, యా లతీఫ్. పూస మీద వేలు, వేలు మీద పూస. చుట్టు తిరగగానే శనగ పళ్ళెంలో పడ్డ చప్పుడు, ఒకసారి అటు, ఒకసారి ఇటు. తామోకి ఈ మూడు రోజుల్లో మొదటిసారి ఊపిరి పీల్చుకుంటున్నట్టు తెలిసింది. ఏమీ అనుకోనక్కర్లేదు. తర్వాతి పూస మీదికి వెళ్తే చాలు. ఎవరికైనా గొంతు ఎండితే తేనె కలిపిన నీళ్ళ చెంబు చేతులు మారింది, తాగిన మనిషి ఆగిన పూస దగ్గరే మళ్ళీ అందుకుంది. లల్లా బతూల్ ఎప్పటిలాగే పరుగెడుతోంది, ఆమె సాసరు సగం దాటింది. యమ్నా ఎప్పటిలాగే వెనకబడింది. నిమ్మకుండీ పక్కన ఒళ్ళు కదల్చకుండా, ఒక్కొక్క పిలుపుకీ జవాబు కోసం ఆగుతున్నట్టు కూర్చుంది.

అందరి సాసర్లలో పిడికెడు గింజలు మిగిలి ఉండగా తలుపు మెల్లగా తెరుచుకుంది.

రేవు కాపలాదారు సీ అయ్యాద్. పరుగెత్తుకు వచ్చినట్టున్నాడు, ఆయాసపడుతున్నాడు. నోరు తెరవబోయాడు. లల్లా బతూల్ పెదాలు ఆపకుండానే అరచెయ్యి పైకెత్తింది. అతనూ ఈ ఊరివాడే, ఈ కట్టుబాటు తెలిసినవాడే. నోరు మూసుకుని, నెత్తి మీద టోపీ తీసి, రెండు చేతులతో ముందు పట్టుకుని, తలుపు పక్కన నిలబడ్డాడు. తల వంచుకున్నాడు. ఆ వంచుకోవడంలో ఏముందో తెలుసుకోవాలని ఎనిమిది జతల కళ్ళు ఒకసారి అతని మీదికి వెళ్ళి, వెంటనే పూసల మీదికి వచ్చేశాయి. యమ్నా మాత్రం తలెత్తలేదు.

ఎవరూ ఒకరికొకరు చెప్పుకోలేదు గానీ, అంతవరకు పరుగెత్తిన గొంతులు నడక మొదలుపెట్టాయి. లల్లా బతూల్ కూడా. ఎన్నడూ లేనిది, ఆవిడ ఒక పూస మీద ఆగి, కళ్ళు మూసుకుని, తెరిచి, అప్పుడు తర్వాతి పూస మీదికి వెళ్ళింది. తామో తన సాసర్లో గింజలు చూసుకుంది. నాలుగున్నాయి. మూడయ్యాయి. అవి అలాగే ఉండిపోతే బాగుండునని ఆమెకి గట్టిగా అనిపించింది. అబ్సలాం పిండంటిన చేత్తో రొట్టె తుంచుకుని పరుగెత్తడం గుర్తొచ్చింది. భయం అప్పుడు వచ్చింది, మూడు రోజులుగా ఎక్కడ దాక్కుందో గానీ ఒక్కసారిగా వచ్చింది. అయినా వేలు ఆగలేదు. ఆగితే లెక్క తప్పుతుంది. ఆఖరి గింజ పళ్ళెంలో పడింది.

బతూల్ ముగించింది. రహీమో ముగించింది. ఒక్కొక్క గొంతూ ఆగిపోయింది. ముగించినవాళ్ళు దండలు ఒళ్ళో పెట్టుకుని పళ్ళెంవైపే చూస్తూ కూర్చున్నారు. సీ అయ్యాద్ చేతుల్లో టోపీ ఒకసారి తిరిగింది.

చివరికి యమ్నా గొంతు ఒక్కటే మిగిలింది. బొంగురుగా, నెమ్మదిగా. ఆమె సాసర్లో ఒకే ఒక శనగ ఉంది. దండ ఆఖరి చుట్టు తిరుగుతోంది. పూసలు ఒక్కొక్కటే ఆమె బొటనవేలి కిందినుంచి అవతలికి జారుతున్నాయి. ఆఖరి పూస దగ్గరికి వచ్చింది. దాని మీద బొటనవేలు పెట్టి ఆమె ఆగిపోయింది.

పెదాలు కదల్లేదు.

ఇంకొక్క పిలుపు, అంతే. అది అయితే లెక్క నిండుతుంది, తలుపు దగ్గర నిలబడ్డ మనిషి మాట్లాడతాడు. సీ అయ్యాద్ గొంతు సవరించుకుని, తప్పు చేసినవాడిలా మళ్ళీ తల దించుకున్నాడు.

అలవాటు చొప్పున అందరూ లల్లా బతూల్ వైపు చూశారు. ఇప్పుడు ‘కానీ తల్లీ’ అనాల్సింది ఆవిడే.

లల్లా బతూల్ మోకాళ్ళ మీదే జరుగుతూ నిమ్మకుండీ దాకా వచ్చింది. ముడతలు పడ్డ చేతిని యమ్నా చేతి మీద పెట్టి, ఆ పూస కదలకుండా పట్టుకుంది.

“నిదానంగా కానీ, తల్లీ,” అంది. “తొందరేం లేదు.”